సింహం గుర్తు కడ్డీలు

మా చెల్లెలి మొగుణ్ణి ఊరంతా ఛైర్మన్ అంటారు. కూర్చోవడానికి సరైన కుర్చీ కూడా లేని రోజుల్లోనే ఆయన ఛైర్మన్ అయ్యాడు. అది ఎవరో పెట్టిన పేరు కాదు, తనకు తానే పెట్టుకున్నాడు. మొదట్లో జనం వెక్కిరింతగా పిలిచారు. ఆయనకు వెక్కిరింత అర్థం కాదు కనుక దర్జాగా పలికాడు. పిలవగానే పలికేవాణ్ణి ఎంతకాలమని వెక్కిరిస్తాం? ఆ పేరు అలాగే స్థిరపడిపోయింది.

మా నాన్నకు మార్కెట్ వెనకాల పాత ఇనుము కొట్టు ఉండేది. విరిగిన మంచాలు, తుప్పు పట్టిన గేట్లు, నడుం వంగిన సైకిళ్ళు కొని, ఏరి, కోసి, మిల్లులకు అమ్మేవాడు. మోకాళ్ళు అరిగిపోయి కాటా దగ్గర నిలబడలేని స్థితి వచ్చాక ఆ కొట్టును చిన్నల్లుడి చేతిలో పెట్టాడు. పెద్దల్లుడు, అంటే మా ఆయన, అప్పటికే మెయిన్ రోడ్డు మీద ఇనుప దుకాణం నడుపుతున్నాడు. కడ్డీలు, మేకులు, కట్టుతీగ అమ్ముతాం. కౌంటర్లో నేను కూర్చుంటాను. మా ఆయన మాట్లాడడు, నేను మాట్లాడతాను. దుకాణం నడిచేది అందువల్లేనని ఇద్దరమూ నమ్ముతాం, ఎవరి కారణం వాళ్ళది.

కొట్టు చేతికొచ్చిన వారంలో ఛైర్మన్ ఒక్క ఇనుప ముక్కనైనా ముట్టుకోలేదు. బోర్డు రాయించాడు. గేటుకన్నా పెద్ద బోర్డు. దాని మీద 'గ్రూప్ ఆఫ్ కంపెనీస్' అని ఉంది. నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"గ్రూపంటే ఎన్ని బాబూ?"

"ప్రస్తుతానికి ఒకటే మామయ్యగారూ. మిగతావి వస్తాయి. మాటిమాటికీ బోర్డు రాయించడం దండగ కదా!"

ఆ తర్వాత 'తుక్కు' అనే మాటను నిషేధించాడు. ఇకమీదట అందరూ 'ముడిసరుకు' అనాలట. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తుక్కు అంటున్న కూలీ ఒకడు నోరు జారితే, వాణ్ణి నిలబెట్టి సంస్థ గౌరవం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఉపన్యాసం అయ్యేసరికి గేటు బయట ఎదురుచూస్తున్న తోపుడుబండివాడు విసుగెత్తి సరుకుతో సహా పక్క కొట్టుకు వెళ్ళిపోయాడు.

మా చెల్లెలు మాత్రం ఆయన ప్రతి మాటా నమ్మింది. దాన్ని తప్పు పట్టను. పెళ్ళయిన కొత్తలో మొగుణ్ణి ఎవరో ఒకరు నమ్మాలి కదా. ఆయన ఫొటో పేపర్లో పడితే కత్తిరించి అట్టకు అంటించేది. గుంపులో వెనక వరుసలో చెవి ఒక్కటే కనిపించినా సరే, "ఇదిగో అక్కా, ఇది ఆయన చెవే" అని చూపించేది.

ఆయనకు అదృష్టం లేదని అనలేను. ఊరికి ఆ చివర ఒక పెద్దాయనకు పాత రోలింగ్ మిల్లు ఉండేది. ఇనుప దిమ్మల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య నుంచి లాగి కడ్డీలు తీసేవాడు. వయసు మీద పడింది, పిల్లలు లేరు. ఛైర్మన్ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. "మీ అనుభవం, నా దూరదృష్టి" అన్నాడు. పెద్దాయనకు అనుభవం నిజంగానే ఉంది, కాకపోతే అదంతా ఇనుముతోటి, మనుషులతో కాదు. భాగస్వామ్యానికి ఒప్పుకున్నాడు.

మొదట ఇద్దరి బల్లలూ ఒకే గదిలో పక్కపక్కన ఉండేవి. కొన్నాళ్ళకు గది ఇరుకైందని పెద్దాయన బల్ల వెనక గదిలోకి వెళ్ళింది. ఆ వెనక గది మీటింగులకు కావాలని బల్ల షెడ్డులోకి వెళ్ళింది. ఆ తర్వాత, "మీరు కొలిమి దగ్గరుంటేనే పనివాళ్ళకు భయం బాబాయిగారూ" అని దాన్ని కొలిమి పక్కకు జరిపించాడు. ఆ వేడికి బల్ల చెక్క పెళ్ళలుగా లేచిపోయింది. ఒకరోజు పెద్దాయన తన టిఫిన్ డబ్బా, కళ్ళజోడు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు, ఉండమని కూడా అనలేదు. మర్నాడు గేటు మీద కొత్త బోర్డు వెలిసింది.

అప్పట్నుంచి కడ్డీల మీద సింహం బొమ్మ పడటం మొదలైంది. దాన్ని గీయించడానికి ఆయన పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. జూలు చాలదని మూడు నమూనాలు తిప్పికొట్టాడు. చివరికి అచ్చు పడిందేమో బొటనవేలి గోరంత. అందులో సింహానికీ పిల్లికీ తేడా తెలియాలంటే భూతద్దం కావాలి.

మిల్లు నడిచింది. ఊరు పెరుగుతోంది, ఇళ్ళు లేస్తున్నాయి, కడ్డీ ఏదైనా అమ్ముడుపోయే కాలమది. దాన్ని ఆయన తన తెలివి అనుకున్నాడు. ఆ ఊపులో మేకుల కంపెనీ పెట్టాడు. ఆ మేకు చెక్కలోకి దిగేది కాదు, సుత్తికి నమస్కారం పెట్టేది. తర్వాత స్టీలు కుర్చీల కంపెనీ. దాని ప్రారంభోత్సవానికి ఒక భారీకాయుడైన అధికారిని పిలిచి, తొలి కుర్చీలో తొలి అతిథిగా కూర్చోబెట్టాడు. కుర్చీతో సహా కూలబడ్డ ఆయన్ని లేపడానికి నలుగురు కావలసివచ్చారు. మర్నాడు పేపరువాళ్ళు అడిగితే ఛైర్మన్ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "కుర్చీలో లోపం లేదు. అతిథి మా అంచనాలను మించిపోయారు."

కంపెనీలు మూతపడ్డా బోర్డు మీద పేర్లు మాత్రం చెరగలేదు. గ్రూప్ అంటే గ్రూపే మరి. యువతకు స్ఫూర్తి కలిగించే సభలకు పిలుపులు రావడం మొదలైంది. ఒక సభకు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళాడు. మైకు ముందు నిలబడి, గొంతు కాస్త వణికించి, "మిత్రులారా, నేను సున్నా నుంచి మొదలుపెట్టాను!" అన్నాడు. ఆ సున్నా ముందు వరుసలో కూర్చుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, అమాయకంగా చప్పట్లు కొట్టింది. నాన్న మొహం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంత తెలిసీ ఆయన కడ్డీలు ఎందుకు అమ్మావని అడగొచ్చు. చుట్టరికం ఒకటి. పైగా పెద్దాయన ఉన్నన్నాళ్ళూ సరుకు బాగుండేది. ఆ తర్వాత అప్పుడప్పుడూ వంపు దగ్గర చిట్లుతోందని పనివాళ్ళు ఫిర్యాదు తెస్తే, నేను ఫోన్ చేసి దులిపేసేదాన్ని. "వంచేవాడికి వంచడం చేతకాదు వదినా" అంటూనే లోడు మార్చి పంపేవాడు. మేము మా ఇంటి మీద మేడ గది వేసుకున్నప్పుడు లారీ ఎక్కి తనే వచ్చి నిలబడ్డాడు. "వదినగారి ఇంటికి సింహం తప్ప ఇంకోటి రాకూడదు" అని వీధి వీధంతా వినబడేలా అన్నాడు.

తర్వాత ఆయన సొంత ఇల్లు మొదలుపెట్టాడు. ఊరి బయట, గుట్ట వాలు మీద, మూడంతస్తులు. మా చెల్లెలు నెలల తరబడి గచ్చు రాళ్ళ రంగుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆ ఇంటి పని చూసే మేస్త్రీ కట్టుతీగ కోసం మా దుకాణానికి వచ్చాడు. తీగ చుట్ట చేతికిచ్చి ఊరికే అడిగాను.

"ఏం మేస్త్రీ, మొదటి స్లాబుకి కడ్డీ కట్టేశారా?"

"రేపటికి అయిపోద్దమ్మా. ఈ కడ్డీ భలే వంగుతోంది, పని తొందరగా సాగుతోంది."

"పోన్లే, సొంతింటికని మరిదిగారు మంచి సరుకు ఏరి పంపినట్టున్నారు."

మేస్త్రీ నా మొహంలోకి చూశాడు. వెటకారమాడుతున్నాననుకున్నాడో ఏమో.

"సింహం ఎక్కడిదమ్మా? అక్కడ దిగిందంతా నక్షత్రం గుర్తే. మీకు తెలుసనుకున్నా."

నక్షత్రం గుర్తు అంటే ఛైర్మన్‌కు బద్ధశత్రువైన మిల్లు. ఆ పేరు తన ఎదుట ఎత్తినవాడితో నెలరోజులు మాట్లాడడు. నేను కౌంటర్ మీద చేతులు తుడుచుకుని మా ఆయన వైపు చూశాను. ఆయన స్కూటర్ తాళం చెవి నా ముందుకు తోశాడు.

నేను వెళ్ళేసరికి మా చెల్లెలు అక్కడే ఉంది. ఎండకు తలమీద చెంగు కప్పుకుని, రెండు రాతి పలకల్ని పక్కపక్కన పెట్టి చూసుకుంటోంది. నేను దాన్ని పలకరించకుండా నిచ్చెనెక్కి సెంట్రింగ్ చెక్కల మీదికి వెళ్ళాను. కడ్డీలు వలలా పరిచి ఉన్నాయి. వంగి చూశాను. ప్రతి కడ్డీ మీదా నక్షత్రం. అచ్చు ఎంత స్పష్టంగా ఉందంటే, భూతద్దం అవసరమే లేదు.

నేను కిందికి దిగుతుండగా ఛైర్మన్ కారు ఆగింది. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. ఇసుకలో ఆ బూట్లు వేసుకుని ఎవరొస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

"రండి వదినా, రండి! గృహప్రవేశానికి ముందే తనిఖీకి వచ్చారే!"

"మరిదిగారూ, సింహానికి ఒంట్లో బాగాలేదా?"

"అంటే?"

"పైన నక్షత్రాలు మెరుస్తున్నాయి, పట్టపగలే."

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. వెంటనే నా భుజం పక్కకు వచ్చి, ఇంట్లో మనిషితో మాట్లాడుతున్నట్టు గొంతు తగ్గించాడు.

"మీ దగ్గర దాపరికం ఏముంది వదినా? వ్యాపారం వేరు, ఇల్లు వేరు. ఇక్కడ పడుకునేది మనవాళ్ళు కదా!"

ఆయన అబద్ధం చెప్పినా ఇంత బాధపడేదాన్ని కాను. నిజం చెప్పాడు. అందులోనూ అదేదో కుటుంబం మీద ప్రేమ అయినట్టు, నేను మెచ్చుకోవాలన్నట్టు చెప్పాడు.

మా చెల్లెలు రాతి పలకలు పట్టుకునే దగ్గరికొచ్చింది. ఎప్పుడొచ్చిందో మేమిద్దరం చూడలేదు.

"మరి అక్కవాళ్ళ మేడమీద పడుకునేది ఎవరండీ?" అంది.

"అబ్బా, నీకెందుకివన్నీ? అది చిన్న గది. దాని బరువెంత, దాని సంగతెంత!"

"అలాగా. అయితే నేను ఇవాళ్టినుంచి ఆ గదిలోనే పడుకుంటాను."

"ఏయ్, పిచ్చా నీకు? అక్కడెలా పడుకుంటావ్? ఏదన్నా అయితే?"

ఆ మాట అన్నాక ఆయన నోరు తెరుచుకునే ఉండిపోయింది. పైన పనివాళ్ళు కూడా సుత్తులు ఆపేశారు. మా చెల్లెలు పలకల్ని నేలమీద మెల్లిగా పెట్టి, చేతులకంటిన దుమ్ము దులుపుకుని, వచ్చి నా స్కూటర్ వెనక కూర్చుంది. అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"ఇన్నాళ్ళూ నువ్వు గొప్పలు చెప్పుకునేవాడివనుకున్నాను," అన్నాను నేను. జీవితంలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. "ఉత్త గొప్పలవాడివే అయితే బాగుండేది."

మర్నాడు మా దుకాణంలో మిగిలిన సింహం కడ్డీలన్నిటినీ లారీకెత్తించి మిల్లుకు పంపాం. మా ఆయన డ్రైవర్ పక్కన కూర్చున్నాడు, నేను స్కూటర్ మీద వెనకాలే వెళ్ళాను. మా అదృష్టమో ఆయన దురదృష్టమో, ఆ రోజు మిల్లుకు పై ఊళ్ళ నుంచి వర్తకుల బృందం వచ్చింది. గేటు దగ్గర రంగు రంగుల గొడుగుల కింద వాళ్ళకు టీలు అందుతున్నాయి. లారీ సరిగ్గా గొడుగుల ముందు ఆగింది. కడ్డీలు కిందికి జారుతుంటే ఆ మోతకు వర్తకుల చేతుల్లో కప్పులు కూడా గలగలలాడాయి.

ఛైర్మన్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా! ఏంటిది?"

మా ఆయన లారీ దిగి, ఆ కుప్ప వైపు ఒకసారి చూసి, "తుక్కు" అన్నాడు. మళ్ళీ లారీ ఎక్కాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

ఆ తర్వాత సంగతి ఊరంతా పాకడానికి పెద్దగా సమయం పట్టలేదు. అడిగినవాళ్ళకు నేను చెప్పాను, అడగనివాళ్ళకు మేస్త్రీ చెప్పాడు. మా దగ్గర సింహం కడ్డీలు కొన్నవాళ్ళ ఇళ్ళకు ఇంజనీరును వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. గుమ్మంలో నిలబడి తిట్లు తిన్నాను, తినాల్సినవే. చాలా ఇళ్ళు పర్వాలేదన్నాడాయన. కొన్నింటికి అదనంగా దూలాలు, స్తంభాలు కావాలన్నాడు. మా ఇల్లూ అందులో ఒకటి. మేడ మీద నీళ్ళ ట్యాంకు దించేయించి, హాల్లో నట్టనడుమ ఒక స్తంభం పోయించాడు. ఇప్పుడు మా ఇంట్లో టీవీ చూడాలంటే అందరం ఒక పక్కకు మెడ వంచి కూర్చోవాలి. ఖర్చంతా ఛైర్మన్‌దే. కిమ్మనకుండా ఇచ్చాడు. ఇవ్వకపోతే పేపరుకెక్కిస్తానని మా చెల్లెలు కబురు పెట్టింది మరి.

తన ఇంట్లో నక్షత్రం గుర్తు ఎందుకు దిగిందని బయటివాళ్ళు అడిగితే మాత్రం ఆయన తడుముకోలేదు. "పోటీదారుడి సరుకులో ఏముందో తెలుసుకోవాలి కదా! అందుకే నా సొంత ఇంటినే ప్రయోగశాలగా మార్చాను" అన్నాడు. నిజం చెప్తున్నాను, ఈ మాటకు చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

చప్పట్లతో మిల్లు నడవదు కదా. దుకాణాలవాళ్ళు సరుకు ఎత్తడం మానేశారు. కొలిమి చల్లారింది. పనివాళ్ళు గేటు బయట చెట్టు నీడన పేకాడుతూ కూర్చున్నారు. మా చెల్లెలు మేడ గదిలోనే ఉంది. పొద్దున దుకాణానికి వచ్చి నా పక్కన కూర్చునేది, సాయంత్రం మాతో ఇంటికొచ్చేది. దాని నవ్వు పోయింది. వచ్చిన కొనుగోలుదారు ముందు కడ్డీని తిప్పి తిప్పి చూసేది. ఒకసారి అడిగింది.

"అక్కా, నేనింత వెర్రిమొహాన్నా?"

"వెర్రిమొహానివి కాదే. వాడి మాటలు నీకు చేరేంత దగ్గర్లో ఉన్నావు, అంతే."

"నువ్వూ దగ్గర్లోనే ఉన్నావుగా?"

నేను మేకులు తూచడంలో పడిపోయాను.

ఒక ఆదివారం ఛైర్మన్ మా ఇంటికొచ్చాడు. పశ్చాత్తాపంతో వచ్చాడేమో అనుకుని మంచినీళ్ళిచ్చాను. హాల్లో కొత్త స్తంభాన్ని తప్పించుకుని సోఫాలో కూర్చున్నాడు. అసలు సంగతి మెల్లిగా బయటపడింది. ఒక వ్యాపార పత్రిక ఆయన గురించి రాస్తోందట. 'విజయం వెనక కుటుంబం' అని ఒక పేజీ ఉంటుందట. దానికి భార్య ఫొటో కావాలట.

"నువ్వు లేకపోతే ఆ పేజీ ఖాళీగా ఉంటుంది," అన్నాడు మా చెల్లెలితో, కళ్ళనీళ్ళ పర్యంతమై. ఆ కన్నీళ్ళు నిజమైనవే. పేజీ ఖాళీగా పోవడమంటే ఆయనకు నిజంగానే బాధ.

మా చెల్లెలు చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"వస్తాను," అంది. "రెండు మాటలు. పెద్దాయన్ని మళ్ళీ మిల్లుకు పిలవాలి. మీరే వెళ్ళి పిలవాలి. ఇంకోటి, వంచి చూడకుండా ఒక్క లోడు కూడా గేటు దాటకూడదు. ఆ గేటు దగ్గర నేను కూర్చుంటాను."

"నువ్వా? మిల్లు గేటు దగ్గరా? జనం ఏమనుకుంటారు!"

"ఇప్పుడేమనుకుంటున్నారో తెలుసా మీకు?"

ఆయన నా వైపు చూశాడు, సాయం చేస్తానని కాబోలు. నేను స్తంభం వైపు చూశాను.

ఛైర్మన్ తనే వెళ్ళి పిలిస్తే పెద్దాయన మొదట రానన్నాడు. చివరికి, తన బల్ల కొలిమికి దూరంగా కిటికీ పక్కన వేస్తేనే వస్తానన్నాడు, వచ్చాడు. దిమ్మలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసి సగం వెనక్కి పంపించేశాడు. కడ్డీ మళ్ళీ కడ్డీలా రావడానికి కొన్ని నెలలు పట్టింది. మా చెల్లెలు గుట్ట మీది ఇంటికి తిరిగి వెళ్ళింది. కాపురం ఎలా ఉందని నేను అడగలేదు. అట్టకు ఫొటోలు అంటించడం మానేసిందని మాత్రం తెలుసు.

పత్రికలో పేజీ వచ్చింది. అందులో ఛైర్మన్ తన అంతరాత్మ తనను ఎలా తట్టి లేపిందో, ఆ ఉదయాన కిటికీలోంచి వెలుగు ఎలా పడిందో చెప్పాడు. అంతరాత్మ స్కూటర్ మీద వచ్చిందని మాత్రం చెప్పలేదు.

మొన్న నేను సరుకు చూసుకోవడానికి మిల్లుకు వెళ్ళాను. మళ్ళీ ఆయన కడ్డీలే అమ్ముతున్నాను, కాకపోతే ప్రతి లోడునూ నా కళ్ళతో చూశాకే ఎత్తిస్తాను. మా చెల్లెలు గేటు పక్కన చిన్న గదిలో ఉంది. చెంగు నడుముకు బిగించి, వంచే యంత్రం ముందు నిలబడి ఉంది. సరుకు నింపుకున్న లారీ ఒకటి ఇంజను ఆపకుండా గేటు దగ్గర ఎదురుచూస్తోంది. అందులోంచి తీసి యంత్రంలో పెట్టిన కడ్డీ సగం వంగి టప్పుమని విరిగింది. చెల్లెలు ఇంకోటి పెట్టించింది. అదీ విరిగింది.

అదే సమయానికి ఛైర్మన్ ఎవరో అతిథులకు మిల్లు చూపిస్తూ అటే వచ్చాడు. అవే తెల్ల బూట్లు.

"ఏం, ఆ లారీ ఇంకా కదల్లేదేం? వదిలెయ్, వదిలెయ్! టైముకి చేరాలి," అన్నాడు చెయ్యి ఊపుతూ.

"విరిగిందండీ. ఇది బయటికెళ్ళదు," అంది మా చెల్లెలు తల తిప్పకుండానే. "డ్రైవరూ, బండి వెనక్కి తియ్."

డ్రైవర్ ఆయన వైపు చూడలేదు, ఆమె వైపే చూశాడు. బండి వెనక్కి తీశాడు.

అతిథుల ముందు ఛైర్మన్ మొహం ఎర్రబడుతుందని నేను కాచుకుని చూశాను. ఎందుకు ఎర్రబడుతుంది? ఆయన రెండు చేతులూ చాచి, ఛాతీ పొంగించి, వాళ్ళ వైపు తిరిగాడు.

"చూశారుగా! నాణ్యత విషయంలో నేను ఎంత కఠినంగా ఉంటానో! సొంత భార్యనే గేటు దగ్గర నిలబెట్టేశాను."

అతిథులు తలలూపారు. ఒకాయన తన ఫోన్లో ఆ మాట రాసుకున్నాడు కూడా. మా చెల్లెలు వినిపించుకోలేదు. విరిగిన ముక్కల్ని కాలితో పక్కకు నెట్టి, తర్వాతి కడ్డీ అందించమని చెయ్యి చాచింది.